హెచ్. పైలోరీ మొదటి కోర్సు ఫెయిల్ అయ్యాక ఏ మందులు వాడాలి?

మర్రిగూడ మండలం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాన్నకు 54 ఏళ్లు. పోయిన చలికాలంలో కడుపులో మంట మొదలైంది. రాత్రి రెండింటికి నొప్పితో లేచి కూర్చునేవారట. ఎండోస్కోపీ చేయిస్తే డుయోడినమ్‌లో, అంటే చిన్నపేగు మొదటి భాగంలో, అల్సర్ ఉందని, ఆ పుండు తెచ్చే హెచ్. పైలోరీ అనే క్రిమి పాజిటివ్ అని తేలింది. మూడు మందుల కిట్ 10 రోజులు వాడారు. రెండు నెలలు బాగానే ఉండి మళ్లీ మొదలైంది. మలంలో క్రిమి ఆనవాళ్లు వెతికే స్టూల్ యాంటిజెన్ టెస్ట్ చేయిస్తే మళ్లీ పాజిటివ్. ఇప్పుడు ముగ్గురు డాక్టర్లు మూడు రకాలుగా చెప్పారు. ఒకరు లీవోఫ్లాక్సాసిన్ అన్నారు, ఒకరు బిస్మత్ ఉన్న నాలుగు మందులన్నారు, ఇంకొకరు కొత్తగా వచ్చిన వొనోప్రజాన్ అన్నారు. మోకాళ్ల నొప్పులకు గోలీలు, క్యాల్షియం కూడా వాడుతున్నారట. "వీటిలో ఏది స్ట్రాంగ్ సార్?" అని అడిగారు.

తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తాను. కిడ్నీలు బాగుంటే మీ నాన్నకు నేనైతే బిస్మత్ ఉన్న నాలుగు మందుల కోర్సే (యాసిడ్ తగ్గించే మందు, బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్) రాస్తాను, అదీ పూర్తిగా 14 రోజులు. నల్లగొండ జిల్లాలో ఇరవై ఏళ్లకు పైగా కడుపు జబ్బుల ఓపీ చూస్తున్నాను. ఈ జబ్బులో స్ట్రాంగ్ మందు, వీక్ మందు అని లెక్క పెట్టుకుంటే దారి తప్పుతాం. మీ నాన్న కడుపులో ఉన్న క్రిమి ఏ మందును ఇంతకుముందే చూసింది, దేన్ని చూడలేదు? నేను ముందు అడిగే ప్రశ్న అదే.

ఈ క్రిమి కడుపులోని యాసిడ్‌లో ఎలా బతుకుతుందో తెలిస్తే మందుల సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. దీని దగ్గర యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. యూరియాను అమ్మోనియాగా మార్చి తన చుట్టూ యాసిడ్ తగలకుండా చేసుకుంటుంది. తర్వాత కడుపు లోపలి జిగురు పొరలోకి దూరి అక్కడే ఉండిపోతుంది. ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు 1982లో దీన్ని ల్యాబ్‌లో పెంచగలిగారు. అప్పటిదాకా అల్సర్ అంటే టెన్షన్ వల్ల, కారం వల్ల అనే అందరూ నమ్మేవాళ్లు. మార్షల్ 1984లో ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పటికీ మన ఊళ్లలో అల్సర్ వచ్చిన మనిషికి జొన్న రొట్టెలోకి పచ్చికారం కూడా పెట్టకుండా నెలల తరబడి చప్పిడి తిండి తినిపిస్తారు. కారం తింటే మంట ఎక్కువ కావచ్చు. కారం మానేసినంత మాత్రాన క్రిమి చావదు.

ఇక మీరు వాడిన కిట్. అందులో సాధారణంగా యాసిడ్ తగ్గించే మందు ఒకటి, క్లారిత్రోమైసిన్, దాంతో అమాక్సిసిలిన్ గానీ టినిడజోల్ గానీ ఉంటాయి. ఒకప్పుడు ఇది బాగా పనిచేసింది. నేనూ వందల మందికి రాశాను. ఇప్పుడు చాలా దేశాల్లో దీనితో నయమయ్యేవాళ్లు నూటికి 80 మంది కూడా ఉండటం లేదు. మంచి కోర్సు అనిపించుకోవాలంటే నూటికి 90 మందికైనా నయం కావాలన్నది ఇప్పుడు డాక్టర్లు పెట్టుకున్న గీత. క్లారిత్రోమైసిన్‌కు లొంగని క్రిములు నూటికి 15ను మించిన ప్రాంతాల్లో టెస్ట్ చేయకుండా ఈ కిట్ రాయొద్దని అంతర్జాతీయ గైడ్‌లైన్స్ ఎప్పటి నుంచో చెబుతున్నాయి. క్లారిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ ఒకే కుటుంబం. జలుబు చేస్తే, గొంతు నొప్పి వస్తే, జ్వరం వస్తే మన దగ్గర మూడు రోజుల అజిత్రోమైసిన్ ఎంత తేలిగ్గా చేతిలో పడుతుందో మీకు తెలియనిది కాదు. ఒక్కసారి ఆ కుటుంబం మందుకు అలవాటు పడిన క్రిమి మీద రెండో మందూ పనిచేయదు.

మీ దగ్గర పాత కిట్ రేకు ఇంకా ఉంటే ఒకసారి వెనక్కి తిప్పి చదవండి. క్లారిత్రోమైసిన్ 250 మిల్లీగ్రాములే ఉన్న కిట్లు, అమాక్సిసిలిన్ 750 ఉన్న కిట్లు మన మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. పూటకు 500 క్లారిత్రోమైసిన్, 1,000 అమాక్సిసిలిన్ ఉండాలి. ఒకవైపు డోసు తక్కువ, ఇంకోవైపు 14 రోజులకు బదులు 10 రోజులు. కోర్సు ఫెయిల్ అయితే అది మీ నాన్న తప్పేమీ కాదు. కానీ ఒకసారి ఫెయిలైన క్లారిత్రోమైసిన్‌ను మళ్లీ ఇంకో పేరుతో రాస్తే మాత్రం వద్దనండి.

టినిడజోల్, మెట్రోనిడజోల్, ఆర్నిడజోల్ కూడా ఒకే కుటుంబం. మన దేశంలో మెట్రోనిడజోల్‌కు లొంగని హెచ్. పైలోరీ చాలా ఎక్కువ. విరేచనాలంటే మొదట అదే ఇస్తారు, చాలా ఇళ్లలో డబ్బాలోనే ఉంటుంది. మరి బిస్మత్ కోర్సులో అదే మెట్రోనిడజోల్ ఉంది కదా, ఎట్లా పనిచేస్తుందని మీకు అనుమానం రావాలి. వస్తే మంచిదే. ఈ మందు విషయంలో మొండితనం పూర్తిగా ఉండదు. డోసు పెంచి, బిస్మత్ జతచేసి, 14 రోజులు ఇస్తే చాలావరకు లొంగుతుంది. క్లారిత్రోమైసిన్‌తో ఆ వీలు లేదు, దానికి లొంగని క్రిమికి డోసు పెంచినా ఫలితం ఉండదు. బిస్మత్‌కైతే క్రిమి అలవాటు పడటమే కనిపించలేదు. టెట్రాసైక్లిన్‌కు అలవాటు పడినవీ తక్కువే. అందుకే నలభై ఏళ్ల నాటి ఈ పాత మందుల కోర్సు ఇప్పుడు మళ్లీ ముందు వరుసలోకి వచ్చింది. అమెరికన్ గ్యాస్ట్రో డాక్టర్ల 2024 గైడ్‌లైన్ మొదటి కోర్సుగానే దీన్ని పెట్టింది. ఇదివరకు ఇది వాడకుండా వేరేది ఫెయిలైన వాళ్లకూ దీన్నే చెప్పింది. పెన్సిలిన్ పడనివాళ్లకు ఇంకో సౌకర్యం, ఇందులో అమాక్సిసిలిన్ లేదు.

లీవోఫ్లాక్సాసిన్ చెప్పిన డాక్టర్‌ది తప్పని అనను. క్లారిత్రోమైసిన్ ఫెయిలైన తర్వాత అది పుస్తకంలో ఉన్న దారే. కానీ మన ప్రాంతానికి దాన్ని నేను రెండో మెట్టు మీద పెట్టను. టైఫాయిడ్ అంటే, మూత్రంలో మంట అంటే, విరేచనాలంటే సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ ఇవ్వడం మన దగ్గర ఎన్నేళ్లుగానో ఉంది. అవన్నీ దీని అన్నదమ్ములే. పైగా ఇది మొండి టీబీకి వాడే మందు. ఛాతీలో టీబీ ఉన్నట్టు తెలియకుండా దీన్ని ఇస్తే టీబీ కొన్నాళ్లు దాక్కుంటుంది, తర్వాత గుర్తుపట్టడం కష్టమవుతుంది. షుగర్ మందులు వాడేవాళ్లలో షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. మడమ పైన కండరాన్ని ఎముకకు కలిపే తాడు, అంటే టెండన్, వాచి నొప్పి పెట్టవచ్చు. మీ నాన్నకు ఇప్పటికే కీళ్ల బాధ ఉంది కాబట్టి ఆ టెండన్ సంగతి నేను తేలిగ్గా తీసుకోను.

వొనోప్రజాన్ మీద నాకు ఆశ ఉంది. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి యాసిడ్ పంపును మూసేది ఆ పంపు పనిచేస్తున్నప్పుడే, అందుకే వాటిని తిండికి అరగంట ముందు వేసుకోవాలి. వొనోప్రజాన్‌కు ఆ పట్టింపు లేదు, త్వరగా పనిచేస్తుంది, ఎక్కువసేపు ఉంటుంది. యాసిడ్ ఎంత తగ్గితే క్రిమి అంత చురుగ్గా చీలుతుంది, చీలుతున్న క్రిమినే అమాక్సిసిలిన్ చంపగలదు. జపాన్‌లో 2015 నుంచి దీన్ని వాడుతున్నారు. 2022లో అమెరికా, యూరప్ రోగుల మీద జరిగిన పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. క్లారిత్రోమైసిన్‌కు లొంగని క్రిమి ఉన్నవాళ్లలో పాత మూడు మందుల కోర్సుతో నూటికి 32 మందికే నయమైంది. వొనోప్రజాన్, అమాక్సిసిలిన్ రెండే ఇచ్చినవాళ్లలో 70 మందికి నయమైంది. తేడా పెద్దదే. కానీ 70 అంటే 90 కాదు. గోలీలు తక్కువ, బాధలు తక్కువ, కాబట్టి బిస్మత్ కోర్సు తట్టుకోలేని వాళ్లకు, టెట్రాసైక్లిన్ పనికిరాని వాళ్లకు నేను దీన్నే చూస్తాను. ఆ కోర్సులో అమాక్సిసిలిన్ రోజుకు రెండుసార్లు కాదు, 1,000 మిల్లీగ్రాముల చొప్పున మూడుసార్లు. చీటీలో అది చూసుకోండి.

రిఫాబ్యూటిన్ పేరు ఎవరైనా చెబితే, అది టీబీ మందుల కుటుంబం. టీబీ ఇంత ఉన్న మన దేశంలో దాన్ని చివరికి దాచుకోవాలి.

ఇప్పుడు అసలు కష్టమైన భాగం, ఆ 14 రోజులు. లెక్క చూడండి. యాసిడ్ మందు రోజుకు 2, బిస్మత్ సబ్‌సిట్రేట్ 120 మిల్లీగ్రాములవి 4, టెట్రాసైక్లిన్ 500వి 4, మెట్రోనిడజోల్ 400వి 4. రోజుకు 14 గోలీలు, 14 రోజులకు 196. ఓపీలో నేను "పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునేముందు" అని గబగబా చెప్పి పంపితే మూడో రోజుకే అంతా కలిసిపోతుంది. అందుకే ఇంటివాళ్లను కూర్చోబెట్టి గోడ క్యాలెండర్ చించిన కాగితం వెనక నాలుగు గడులు గీయిస్తాను. యాసిడ్ మందు పొద్దున టిఫిన్‌కు, రాత్రి అన్నానికి అరగంట ముందు. బిస్మత్ కూడా తిండికి ముందే, నాలుగోది పడుకునేముందు. టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్ తిన్న తర్వాత. నాలుగో గోలీ వేసుకుని వెంటనే మంచం మీద వాలితే టెట్రాసైక్లిన్ అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేస్తుంది. నిండు గ్లాసు నీళ్లు తాగి, అరగంట కూర్చోవాలి.

టెట్రాసైక్లిన్ దగ్గర మన ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటి ఉంది, అది ఎవరూ చెప్పరు. మనం భోజనం పెరుగన్నంతోనో మజ్జిగతోనో ముగిస్తాం. వెంటనే గోలీ వేసుకుంటాం. పాలలో, పెరుగులో ఉన్న క్యాల్షియం ఆ మందును పట్టుకుని ఒంట్లోకి పోకుండా ఆపేస్తుంది. ఈ రెండు వారాలు పెరుగు మానేయమని నేను చెప్పను, విరేచనాలు కాకుండా అది కొంత మేలే చేస్తుంది. గోలీకి రెండు గంటలు అటో ఇటో జరపండి. మీ నాన్న క్యాల్షియం గోలీలు వాడుతున్నారన్నారు కదా, అవి ఈ 14 రోజులు ఆపడమే నయం. ఐరన్ గోలీలు, మంటకు తాగే జెల్ సిరప్‌లు కూడా అంతే, టెట్రాసైక్లిన్‌కు దూరంగా ఉంచాలి. పొలం పనికి పోతే ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది, తలకు రుమాలు, చేతులకు నిండు చొక్కా ఉండాలి.

టెట్రాసైక్లిన్ చాలా షాపుల్లో ఉండదు. "అదే ఇది" అని డాక్సీసైక్లిన్ చేతిలో పెడతారు. ఈ జబ్బుకు రెండూ ఒకటి కావు, డాక్సీతో ఫలితం తక్కువ. రెండు రోజులు ఆగి తెప్పించుకున్నా నష్టం లేదు. 196 గోలీలూ చేతికొచ్చాకే మొదటిది వేసుకోమనండి. సగంలో ఒక మందు అయిపోయి మూడు మందులతో నడిపితే మిగిలిన యాంటీబయాటిక్‌కు క్రిమిని మనమే అలవాటు చేసినట్టవుతుంది.

కోర్సు మొదలుపెట్టేముందు క్రియాటినిన్ టెస్ట్ ఒకటి చేయించండి. మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి గోలీలు వాడిన వాళ్లలో కిడ్నీలు దెబ్బతిని ఉండవచ్చు. కిడ్నీ బాగాలేకపోతే బిస్మత్, టెట్రాసైక్లిన్ రెండూ మంచివి కావు, అప్పుడు లెక్క మారుతుంది. ఆ నొప్పి గోలీల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు నుంచి వచ్చేవాళ్లలో పాత ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కీళ్లు, నడుము పట్టేసినవాళ్లు ఎంతమందో. వాళ్ల సంచిలో డైక్లోఫినాక్ రేకు లేకుండా ఉండదు. కడుపులో పుండు చేసే రెండు పెద్ద కారణాల్లో హెచ్. పైలోరీ ఒకటైతే ఆ గోలీలు రెండోది. రెండూ కలిస్తే రక్తం పోయే ప్రమాదం బాగా పెరుగుతుంది. నొప్పికి పారాసిటమాల్‌తో సర్దుకోమనండి. డైక్లోఫినాక్ ఇంజెక్షన్ అయినా అంతే, నోటితో మింగలేదు కదా అని కడుపు తప్పించుకోదు.

ఇప్పుడు కల్లు. నేను ప్రతి రోగినీ "మందు తాగుతావా?" అని అడిగేవాణ్ణి. "లేదు సార్, ముట్ట" అనేవాళ్లు. నిజమే చెప్పేవాళ్లు. కొన్నేళ్ల కింద నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి మెట్రోనిడజోల్ వేసుకున్న రెండో రోజు సాయంత్రం ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, ఆగకుండా వాంతులతో వచ్చాడు. కోర్సు మానేశాడు. ఏం తాగినవని మళ్లీ మళ్లీ అడిగితే ఆయన భార్య అన్నది: "ఏం తాగలే సారూ, రోజూ తాగే కల్లే." అప్పటి నుంచి నేను కల్లు పేరు పెట్టి అడుగుతున్నాను, ఎన్ని సీసాలని అడుగుతున్నాను. మెట్రోనిడజోల్, టినిడజోల్ వాడే రోజుల్లో, అయిపోయాక ఇంకో మూడు రోజులు కల్లు ముట్టకూడదు. అందరికీ ఇలా అవుతుందని కాదు, అయినవాళ్లు మాత్రం ఆ గోలీని మళ్లీ నోట్లో పెట్టుకోరు.

చెట్టు కల్లు అయితే మాట ఇంతటితో అయిపోతుంది. పాలమూరులో, మన దగ్గర కూడా చాలా దుకాణాల్లో అమ్మేది కల్తీ కల్లు. అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపినవి పట్టుబడుతూనే ఉన్నాయి. ఏళ్లుగా రోజూ తాగేవాళ్లు కోర్సు కోసమని ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, నిద్ర ఉండదు, ఎవరో వచ్చినట్టు మాట్లాడతారు, ఫిట్స్ కూడా వస్తాయి. ఇంటివాళ్లు అది అల్సర్ మందు పడలేదనుకుని కోర్సు ఆపేస్తారు. అట్లాంటి వాళ్లకు నేను ముందు మానసిక వైద్యుడి సాయంతో మెల్లగా కల్లు తగ్గించి, ఆ తర్వాతే కోర్సు మొదలుపెడతాను. అల్సర్ నుంచి రక్తం పోవడం లేకపోతే నెల రోజులు ఆగవచ్చు, అప్పటిదాకా యాసిడ్ మందు వాడుకోవచ్చు. ఇంకో సంగతి, క్లారిత్రోమైసిన్ లివర్‌లో అల్ప్రాజోలం కరగకుండా ఆపుతుంది. కిట్ వాడుతూ కల్తీ కల్లు తాగిన మనిషి రెండింతల మత్తులో పడిపోవచ్చు. మీ నాన్న కల్లు తాగుతారో లేదో మీరు రాయలేదు. తాగుతారంటే సిగ్గుపడకుండా డాక్టర్‌కు చెప్పండి, అడగకపోయినా చెప్పండి. బీడీ ఉంటే అదీ చెప్పండి, పొగ తాగేవాళ్లలో ఈ కోర్సులు ఎక్కువ ఫెయిలవుతాయి.

కోర్సులో నోరంతా ఇనుము రుచి, వికారం, కొంచెం తలతిప్పడం మామూలే. బిస్మత్ వల్ల నాలుక నల్లబడుతుంది, విరేచనం నల్లగా వస్తుంది. దానికి భయపడి ఆపొద్దు. కానీ తారులా జిగటగా, ఘాటు వాసనతో నల్లగా వచ్చి, లేచి నిలబడితే కళ్లు తిరిగితే అది రక్తం. ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి, పొద్దునదాకా ఆగొద్దు.

నా వైపు నుంచి జరిగిన తప్పు ఒకటి చెబుతాను. ఓపీ మొదలుపెట్టిన కొత్తలో కోర్సు అయిపోయి మంట తగ్గితే నయమైనట్టే అనుకుని టెస్ట్ రాసేవాణ్ణి కాదు. హాలియా నుంచి వచ్చే ఒక రైతుకు అట్లాగే వదిలేశాను. ఏడాదిన్నర తర్వాత హిమోగ్లోబిన్ 5 కు పడిపోయి, రక్తం కక్కుకుంటూ వచ్చాడు. బతికాడు. మంట తగ్గడం వేరు, క్రిమి చావడం వేరు అని అప్పుడు నాకు అర్థమైంది. ఆ తర్వాత టెస్ట్ లేకుండా ఎవరినీ పంపలేదు.

ఆ టెస్ట్ రక్తంతో చేసేది కాకూడదు. క్రిమి చచ్చిపోయినా రక్తంలో యాంటీబాడీలు నెలలు, ఏళ్లు ఉంటాయి. శ్వాస టెస్ట్ గానీ స్టూల్ యాంటిజెన్ గానీ కావాలి. స్టూల్ శాంపిల్ అయితే మన పట్టణాల ల్యాబుల్లో ఇచ్చినా హైదరాబాద్ పంపిస్తారు. కోర్సు అయిపోయాక కనీసం 4 వారాలు ఏ యాంటీబయాటిక్ పడకూడదు, టెస్ట్‌కు ముందు 2 వారాలు పాంటాప్రజోల్ లాంటివి, వొనోప్రజాన్ ఆపాలి. లేకపోతే క్రిమి ఉన్నా లేదని చూపిస్తుంది. ఆ రెండు వారాల్లో మంటగా ఉంటే జెల్ సిరప్ తాగొచ్చు.

మీ నాన్నది డుయోడినల్ అల్సర్ కాబట్టి బాధలు లేకపోతే మళ్లీ ఎండోస్కోపీ అక్కర్లేదు. రిపోర్టులో గ్యాస్ట్రిక్ అల్సర్, అంటే కడుపు సంచిలోనే పుండు, అని ఉంటే మాత్రం నాతో సహా ఎవరి మాటా వినకుండా మళ్లీ చేయించి, ముక్క తీయించండి. కడుపు క్యాన్సర్ కూడా పుండులాగే కనిపిస్తుంది, ఈ క్రిమిని క్యాన్సర్ కారకాల జాబితాలో 1994లోనే చేర్చారు.

సోమవారం కోర్సు మొదలుపెడితే రెండో ఆదివారం రాత్రితో గోలీలు అయిపోతాయి. పక్కరోజు సోమవారం నుంచి ఆరు వారాలు లెక్కపెట్టి క్యాలెండర్‌లో గుండ్రం చుట్టండి, స్టూల్ టెస్ట్ ఆ రోజు. దానికి రెండు వారాల ముందు ఇంకో గుండ్రం చుట్టండి, యాసిడ్ గోలీ ఇంకా వాడుతుంటే ఆపేది ఆ రోజు.